జేబులో చాకు: పనిముట్టా, ఆయుధమా?

పోయిన నెల సంఘం పని మీద హైదరాబాద్ వెళ్లాను. పత్తి కొనుగోళ్ల గురించి అధికారులకు ఇవ్వాల్సిన వినతిపత్రం ఒకటి ఉంది. ఉప్పల్‌లో బస్సు దిగి, ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతున్న మా మేనల్లుడిని కలుపుకొని, ఇద్దరం తార్నాక మెట్రో స్టేషన్‌కు నడిచాం. మెట్లెక్కే ముందు వాడు ఆగిపోయి, "మామా, జేబుల చాకు ఉన్నదా?" అని అడిగాడు.

ఉన్నది. అది లేని రోజు నాకు గుర్తు లేదు. చొక్కా మారినా పంచె మారినా, పొద్దున ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు బీడీ కట్ట మరిచిపోతాను గాని చాకు మరిచిపోను.

"గట్లయితే లోపలికి పోనియ్యరు. అన్నీ మిషన్‌ల పెట్టి చూస్తరు" అన్నాడు.

ఇందులో నేను తప్పు పట్టేదేమీ లేదు. మెట్రోలో పదునైన వస్తువులు తీసుకుపోకూడదన్నది నిబంధన. వేలమంది ఒకరినొకరు రాసుకుంటూ ప్రయాణం చేసే చోట అలాంటి కట్టడి ఉండాల్సిందే. కాకపోతే చాకును ఏం చేయాలి? పారేయలేను. వెనక్కి హాస్టల్ దాకా నడిస్తే ఆఫీసు వేళ దాటిపోతుంది. రోడ్డు పక్కన బండి మీద జామకాయలు అమ్ముతున్న ఒక చెల్లె కనిపించింది. "సాయంత్రం వచ్చి తీసుకపోత చెల్లె, కొంచెం కాపాడు" అని ఆమె చేతిలో పెట్టాను. ఆమె చాకు తెరిచి అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూసింది. ఏమీ అనకుండా తరాజు కింద పెట్టుకుంది.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి చాకు కడిగి, గుడ్డలో చుట్టి ఉంచింది. "ఏమనుకోకు అన్నా, పగలంత నీ కత్తితోనే కాయలు కోసిన. మాది ఊకె మొద్దుబారుతది. గిది ఎక్కడ చేయించినవ్? నాకు గూడ ఒకటి గావాలె" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఆ చాకు చేసిన మా ఊరి కమ్మరి పోయి ఆరేళ్లయింది. ఆయన కొలిమి ఉన్న చోట ఇప్పుడు రేకుల షెడ్డు, అందులో ఎరువుల బస్తాలు. ఊరికి వచ్చినా ఆ చెల్లె ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చాకు చేసే పని

మన సంఘం సభ్యుల్లో వయసు మళ్లినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కానీ మన పిల్లల్లో చాలామందికి చాకు అంటే సినిమాలో రౌడీ చేతిలో మెరిసేదే. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పొద్దున యూరియా బస్తా కుట్టు విప్పడం దగ్గర మొదలవుతుంది. డ్రిప్ పైపు ఎక్కడో పగిలితే అక్కడికి కోసి జాయింటు వేయాలి. పలుపుతాడు చిక్కుపడి దూడ మెడకు బిగుసుకుంటే ఇంటికి పోయి కొడవలి తెచ్చే టైం ఉండదు. జేబులో చాకు ఉంటే దూడ దక్కుతుంది, లేకపోతే లేదు. మా బర్రెదూడ ఒకటి అట్లా బతికింది.

అంతకన్నా ముఖ్యమైన పని ఇంకోటి ఉంది. మనబోటి వాళ్లకు చేను గట్టు మీద ప్రయోగశాల ఈ చాకే. పత్తికాయ పైకి నున్నగా, నిండుగా కనిపిస్తుంది. లోపల గులాబీ రంగు పురుగు గింజ తింటూ ఉంటుంది. కాయ కోసి చూస్తే తప్ప తెలియదు. చేనంతా అక్కడక్కడా తిరిగి ఇరవై పచ్చికాయలు తెంపి కోసి చూసి, రెండింట్లో పురుగు ఉంటే మందు కొట్టాల్సిన దశ వచ్చినట్టు అని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్తారు. ఆ ఇరవై కాయలు కోసేది ఏంతో? చాకుతోనే. కోసి చూడని రైతు దుకాణందారు చెప్పిన మందు, చెప్పినన్ని సార్లు కొడతాడు. చాకు వాడిన రైతు అవసరమైనప్పుడే కొడతాడు. అప్పు ఎవరికి తగ్గుతుందో మీరే లెక్కవేసుకోండి.

మిర్చి, టమాట, వంకాయ మొక్క పచ్చగా ఉన్నదున్నట్టే వాడిపోయిందనుకోండి. నీళ్లు చాలకా, తెగులు వల్లనా? కాండం మొదలు దగ్గర కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో తేటనీళ్లలో నిలబెట్టి కొంచెం సేపు చూడాలి. కోసిన చోట నుంచి పాలలాంటి తెల్లటి పోగులు నీళ్లలోకి దిగితే అది బాక్టీరియా ఎండుతెగులు. ఇక ఎన్ని నీళ్లు పెట్టినా లాభం లేదు. వరిలో మొవ్వు ఎండితే పిలకను నిలువునా చీల్చితే కాండం తొలిచే పురుగు దొరుకుతుంది. ఇవన్నీ రూపాయి ఖర్చు లేని పరీక్షలు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తెగులు పట్టిన మొక్కను కోసిన చాకుతో మంచి మొక్కను కోయకూడదు. మంట మీద కాల్చి గాని, శుభ్రంగా కడిగి తుడిచి గాని వాడాలి. ఇంకొకటి ప్రాణాల మీదికి వచ్చే సంగతి. పాము కరిచినప్పుడు చాకుతో గాటు పెట్టి రక్తం పిండే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. దయచేసి ఆ పని చేయకండి. గాటు వల్ల విషం పోదు, గాయం ముదురుతుంది, రక్తం ఆగదు. గట్టిగా తాడు బిగించడం కూడా వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషం విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకుపోవాలి. అప్పుడు చాకు జేబులోనే ఉండాలి.

నాన్న కత్తి ఎట్లా పోయింది

నేను ఈ సంగతి ఇంత పట్టుగా రాయడానికి ఇంకో కారణం ఉంది. ఇప్పుడు నా దగ్గర ఉన్న చాకుకు ముందు మా నాన్న చాకు ఉండేది. టేకు పిడి. ఆకు అరిగి అరిగి కొత్తప్పటి వెడల్పులో సగానికి వచ్చింది. నాన్న పోయాక పన్నెండేళ్లు నేనే వాడాను.

ఒకసారి పంట నష్టం పరిహారం గురించి అడగడానికి ఒక ఆఫీసుకు వెళ్లాం. అది ఏ ఆఫీసో, ఏ ఊళ్లోనో ఇక్కడ రాయను. అట్లాంటి గేట్లు ఎన్నో ఉన్నాయి, ఒక్కదాని పేరు రాస్తే మిగతావి తప్పించుకుంటాయి. గేటు దగ్గర తనిఖీలో చాకు దొరికింది. కాపలా పిల్లవాడు దాన్ని అట్టపెట్టెలో వేశాడు. తిరిగిపోయేటప్పుడు ఇస్తాం అన్నారు. మేం బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది, డ్యూటీ మారింది, పెట్టె లేదు. కొత్తగా వచ్చినతను "ఏం కత్తి? అసలు కత్తి తెచ్చినవా?" అని నన్నే అనుమానంగా చూశాడు. పరిహారం కోసం పోయి నాన్న చాకు పోగొట్టుకొని వచ్చాను. పరిహారం కూడా రాలేదనుకోండి, అది వేరే కథ.

ఆ కాపలా పిల్లవాడి మీద నాకు కోపం లేదు. మాటలు కలిపితే తెలిసింది, వాడూ రెండెకరాల రైతు కొడుకే. వాళ్ల నాన్న జేబులోనూ ఒక చాకు ఉండే ఉంటుంది. వాడికి ఉద్యోగం ఇచ్చినవాళ్లు 'కత్తి కనిపిస్తే తీసుకో' అని చెప్పారు గాని, తీసుకున్నది తిరిగి ఎట్లా ఇవ్వాలో చెప్పలేదు.

తార్నాక అన్న పేరు గురించి పాతకాలం వాళ్లు చెప్పే మాట ఒకటుంది. వెనకట అక్కడ ఒక పెద్ద తోట, దాని చుట్టూ తీగ కంచె, కంచె దగ్గర నాకా ఉండేవట. తార్ అంటే తీగ, నాకా అంటే వచ్చేపోయేవాళ్లను ఆపి చూసే చోటు. ఆ రెండూ కలిసి తార్నాక అయిందంటారు. నగరానికి నాకాలు కొత్త కాదు. నాకా దగ్గర ఆపినవాడు మన వస్తువు మనకు భద్రంగా తిరిగి ఇస్తాడా లేదా అన్నదే మన ప్రశ్న.

చట్టం ఏమంటున్నది

మనలో చాలామందికి చట్టం తెలియదు. తెలియకపోతే రెండు రకాల నష్టం. అవసరం లేని చోట భయపడతాం, భయపడాల్సిన చోట ధీమాగా ఉంటాం.

1959 నాటి ఆయుధాల చట్టం 'ఆయుధం' అంటే ఏమిటో మొదట్లోనే చెప్పింది. దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారుచేసిన, లేదా అందుకు అనువుగా మార్చిన వస్తువు ఆయుధం. కేవలం ఇంటి అవసరానికి, వ్యవసాయానికి తయారైన వస్తువులు ఆయుధాలు కావని అదే సెక్షన్ చెప్తున్నది. లాఠీని, మామూలు చేతికర్రను ఉదాహరణగా కూడా పేర్కొన్నది. 2016 నాటి ఆయుధాల నియమావళి షెడ్యూలులో కత్తుల జాబితా ఉంది. ఆకు పొడవు తొమ్మిది అంగుళాలు దాటినవి, లేదా వెడల్పు రెండు అంగుళాలు దాటినవి అందులోకి వస్తాయి. అక్కడ కూడా ఇంటి పనికి, సేద్యానికి, శాస్త్ర పనులకు, పరిశ్రమకు చేసినవాటిని మినహాయించారు. మన కొడవలి, గొడ్డలి, జేబు చాకు నేరం కాకుండా ఉన్నది ఈ మినహాయింపు వల్లనే.

ఒక వస్తువుకు సమాజంలో ఏం స్థానం ఉందో చూసి చోటు ఇవ్వడం మన రాజ్యాంగానికి తెలుసు. 25వ అధికరణ వివరణలో సిక్కులు కృపాణం ధరించడం, వెంట ఉంచుకోవడం వాళ్ల మతాచరణలో భాగమేనని రాశారు. రైతు చాకు మతం కాదు, జీవనం. దానికి రాజ్యాంగంలో ప్రత్యేక వాక్యం అడగడం లేదు. చట్టంలో ఇప్పటికే ఉన్న మాటను గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా తెలియజేయమంటున్నాం.

అట్లాగని మినహాయింపు ఉందని ఎక్కడికైనా తీసుకుపోతాం అనడానికి లేదు. ఎన్నికలప్పుడు, కొన్ని పండుగలప్పుడు నగరాల్లో పోలీసులు నిషేధాజ్ఞలు పెడతారు. అప్పుడు కర్ర పట్టుకున్నా ఇబ్బందే. మెట్రోకు, విమానానికి వాటి నిబంధనలు వాటికి ఉన్నాయి. విమానంలో చాకు చేతిసంచిలో పెట్టుకోకూడదు. బటన్ నొక్కితే ఠక్కున తెరుచుకునే రకం చాకు కొనకండి, దానితో చేసే సేద్యం ఏమీ లేదు. తాగిన చోటికి, తగాదా ఉన్న చోటికి చాకుతో పోకండి. గట్టు తగాదాలో మాట మీద మాట పెరిగినప్పుడు చేతికి అందిన పనిముట్టు ఎన్ని కుటుంబాలను కోర్టుల చుట్టూ తిప్పిందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. దసరా నాడు పూజ చేసిన వస్తువును మనిషి మీదికి ఎత్తితే అది పనిముట్టు కాకుండా పోతుంది. చట్టం కన్నా ముందు మన చెయ్యే ఆ తేడా పాటించాలి. ఫోన్ ముందు కత్తులు తిప్పుతూ వీడియోలు పెట్టే పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి. వాళ్ల సరదా వల్ల మన పనిముట్టుకు చెడ్డపేరు వస్తున్నది.

మేనల్లుడి పెట్టె

ఆ రోజు పని అయ్యాక ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కాసేపు కూర్చున్నాం. 1934లో పునాది వేసి 1939లో తెరిచిన భవనం అది. గులాబీ రంగు రాయి. ఎన్నో ఉద్యమాలు చూసిన మెట్లు. అక్కడ మా మేనల్లుడు తన సంగతి బయటపెట్టాడు. చరిత్ర చదువుతూ వాడు రెండేళ్లుగా పాత కత్తులు పోగేస్తున్నాడట. అప్పటికి పద్నాలుగు అయ్యాయి.

ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. గౌడన్నల గీతకత్తి ఉంది. తాటిగెల కొస సన్నగా గీయాలంటే మంగలికత్తి అంత పదును కావాలి, అందుకే గీత కార్మికుడు తన కత్తిని ఇంకొకరి చేతికి ఇవ్వడు. మాదిగ పెద్దమనిషి ఒకాయన తోలు కోసిన రంపె ఉంది. మేదరి వాళ్లు వెదురు చీల్చే కత్తి ఉంది. వక్కలు కత్తిరించే అడకత్తెర, గొర్రెల కాపరి నడుముకు చెక్కుకున్న చిన్న చురకత్తి, అంటు కట్టే చాకు ఉన్నాయి. ప్రతిదానికీ ఒక కాగితం. ఎవరి దగ్గర దొరికింది, ఏ ఊరిది, పిడి ఏ కర్ర, ఎవరు చేశారు, ఆ పనివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు, అన్నీ రాసుకున్నాడు.

నాకు సంతోషమూ కలిగింది, కోపమూ వచ్చింది. "నీ పెట్టెలున్నది పద్నాలుగు కత్తులు కాదురా, పద్నాలుగు పనులు బందు అయినయ్" అన్నాను. వాడు నొచ్చుకున్నాడు. "నేను తేకుంటే పాత ఇనుముకు అమ్ముకునేటోళ్లు మామా. రంపె అన్న పేరు మా క్లాసుల ఒక్కరికి గూడ తెల్వది" అన్నాడు.

వాడి మాటలో నిజం ఉంది. పేరు పోతే వస్తువు రెండోసారి పోయినట్టు. ఆ కాగితాలు రాసినందుకు వాడిని మెచ్చుకోవాలి. కానీ నేను రెండు మాటలు చెప్పాను. ఒకటి, వాటిని హాస్టల్‌లో ఉంచుకోకు. వాటి కథ తెలిసినవాడివి నువ్వు ఒక్కడివే, తలుపు తీసి చూసినవాడికి కనిపించేది కత్తుల కుప్ప. ఊరికి తెచ్చి బడిలోనో పంచాయతీ గ్రంథాలయంలోనో అద్దాల బీరువాలో, నువ్వు రాసిన కాగితాలతో సహా పెట్టిద్దాం. రెండు, పోగేసినవాడివి నువ్వొకటి వాడు. సెలవుల్లో చేనుకు వచ్చినప్పుడు జేబులో ఒకటి పెట్టుకొని పత్తికాయ కోసి చూడు. వాడని కత్తికి తుప్పు పడుతుంది. వాడని పేరుకూ అంతే.

వాడే నాకు బయటి దేశాల సంగతి చెప్పాడు. ఫ్రాన్స్‌లో సవోయ్ అనే కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే పనిముట్లు చేసేవాళ్ల కొడుకు 1890లో రైతుల కోసం కర్రపిడి మడత చాకు చేశాడు. తర్వాత చిన్నా పెద్దా సైజులకు నంబర్లు పెట్టాడు. ఆ చాకు నేటికీ అక్కడే తయారవుతున్నది, ప్రపంచమంతా కొంటున్నది. ఫ్రాన్స్ రైతు దాన్ని అద్దాల వెనక పెట్టలేదు, రొట్టె కోసుకోవడానికి జేబులో పెట్టుకున్నాడు. అందుకే అది నిలిచింది. జపాన్‌లో మికి అనే ఊళ్లో హిగోనోకామి అనే మడత చాకు చేసేవాళ్లు. ఒకప్పుడు బడిపిల్లలు పెన్సిలు చెక్కుకునేది దానితోనే. 1960 ప్రాంతంలో పిల్లల చేతికి కత్తి ఇవ్వొద్దన్న ఉద్యమం వచ్చింది. వాడకం పడిపోయింది. ఎందరో చేసిన చోట ఆ పేరుతో చేసే కుటుంబం ఒక్కటే మిగిలింది. ఒక వస్తువు రెండు దేశాల్లో రెండు దారులు పట్టింది. మనం ఏ దారిలో ఉన్నామో చెప్పనక్కర్లేదు.

కొలిమి ఎందుకు ఆరింది

ఉక్కు మనకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లాలో కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడి ఉక్కు ముద్దల కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. రెండు వందల ఏళ్ల కిందట హెన్రీ వోయిసీ అనే ఆయన ఆ ఉక్కు చేసే తీరు చూసి రాసిపెట్టాడు. ఇంగ్లీషు వాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు. ఆ మాట మన 'ఉక్కు'లోంచే పుట్టిందని పండితులు అంటారు. ప్రపంచానికి కత్తుల ఉక్కు పంపిన నేల మీద ఇవాళ జామకాయ కోసే కత్తి చేయించుకోవడానికి మనిషి దొరకడం లేదు.

మా ఊరి కమ్మరి లారీ కమాన్ పట్టీ ముక్కతో చాకులు చేసేవాడు. ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సాగగొట్టి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచి పదును పట్టించేవాడు. ఎంత ఎరుపులో తీయాలో ఆయన కంటికి తెలుసు. తొందరగా తీస్తే అంచు నిలవదు, ఆలస్యంగా తీస్తే పెళుసుబారి పుటుక్కున విరుగుతుంది. మా నాన్న కాలంలో డబ్బులు ఇచ్చేది లేదు. కల్లం దగ్గర ఏడాదికింత అని వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లం. నాగలికర్రు కాల్చడం, కొడవలికి కక్కు కొట్టడం, బండిచక్రానికి పట్టా వేయడం, అన్నీ ఆ గింజల్లోనే. ఆ పద్ధతి గొప్పదని నేను అనను. మంచి ఏడాది మనం నిండా కొలిచాం, కరువు ఏడాది ఆయన పొయ్యి ఆరింది. కులం కట్టిన కట్టు అది. అది పోవడం మంచిదే. కానీ దాని బదులు ఆయనకు మనం ఇచ్చింది ఏమిటి?

ట్రాక్టర్ వచ్చింది, కర్రు పని పోయింది. హార్వెస్టర్ వచ్చింది, కొడవలి పని పోయింది. బొగ్గు ధర పెరిగింది. యాభై రూపాయల స్టీలు చాకు సంతకు వచ్చింది, నెలకు మొద్దుబారితే ఇంకో యాభై పెట్టి కొన్నాం. ఇందులో మన పాత్ర లేదని అనలేం. గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కిన మనమే కమ్మరి చాకుకు మూడు వందలు అడిగితే బేరమాడాం. నేనూ ఆడాను. ఆయన కొడుకు ఇప్పుడు చర్లపల్లిలో వెల్డింగ్ పని చేస్తున్నాడు. సుత్తి పట్టడం వాడికి వచ్చు. ఊళ్లో కూర్చుంటే కడుపు నిండదని పోయాడు.

2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ అనే పథకం పెట్టింది. 18 చేతివృత్తుల్లో కమ్మరి పని ఉంది, సుత్తులు, పనిముట్లు చేసే పని కూడా ఉంది. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు ఇస్తామన్నారు. ఉన్నంతవరకు మంచిదే, అర్హులైనవాళ్ల చేత దరఖాస్తు పెట్టించాలి. కానీ సుత్తి ఇచ్చి, అప్పు ఇచ్చి, కొనేవాడిని చూపించకపోతే కొలిమి మండదు. అది మనకు అనుభవమే. విత్తనం, ఎరువు, అప్పు అన్నీ ఇచ్చి పంట కొనకపోతే రైతు ఏమవుతాడో కమ్మరీ అదే అవుతాడు.

మనం ఏం చేద్దాం

నాకు తోచినవి నాలుగు రాస్తున్నాను. జిల్లా కమిటీల్లో చర్చించండి.

మొదటిది. రైతులు, కూలీలు పని మీద వచ్చే ప్రతి ఆఫీసు గేటు దగ్గర, మెట్రో స్టేషన్ల దగ్గర పనిముట్లు దాచుకునే కౌంటర్ ఉండాలి, టోకెన్ ఇవ్వాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. గుడి ముందు చెప్పులకు టోకెన్ ఇస్తున్నారు, తిరుమలలో సెల్‌ఫోన్లు తీసుకొని భద్రంగా తిరిగి ఇస్తున్నారు. దేవుడి దగ్గర జరిగే పని అధికారి దగ్గర ఎందుకు జరగదు? చాకు ఒక్కటే కాదు. మేస్త్రీ తాపీ, ఎలక్ట్రీషియన్ పట్టకారు, వడ్రంగి ఉలి, అన్నిటికీ ఇదే కష్టం. ఆ సంఘాలను కూడా కలుపుకొని అడగాలి.

రెండోది. ఆయుధాల చట్టంలో వ్యవసాయ పనిముట్ల మినహాయింపు ఏమిటో ఒక చిన్న కాగితం మీద తెలుగులో అచ్చు వేసి సభ్యులకు ఇవ్వాలి. ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో రెండూ అందులో ఉండాలి.

మూడోది. ప్రతి మండలంలో కొలిమి పని తెలిసినవాళ్లు ఎవరున్నారో మన కార్యకర్తలు పేర్లు రాయాలి. సీజనుకు ముందు గ్రామ కమిటీ తరఫున అందరి ఆర్డర్లు కలిపి ఒకేసారి ఇవ్వాలి. కొడవళ్లు, దోకుడు పారలు, చాకులు ఏవైనా సరే. ఒక్కో ఊళ్లో నలభై చాకులు చేయించుకున్నా ఒక ఇంటికి కొన్ని నెలల పని. బేరం ఆడవద్దు. మనం అడిగే గిట్టుబాటు ధరలో మొదటి వాక్యం అక్కడే ఉంది.

నాలుగోది ఆడవాళ్ల సంగతి. చాకు అనగానే మగవాళ్ల జేబు గుర్తుకొస్తుంది. పత్తి ఏరేది, కలుపు తీసేది, కూరగాయలు కోసేది, తార్నాకలో బండి పెట్టి అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల చేతికి సరిపోయే పిడి, వాళ్ల పనికి సరిపోయే అంచు ఏమిటో వాళ్లనే అడిగి చేయించాలి. కొలిమికి పెద్ద గిరాకీ వాళ్ల దగ్గరే ఉంది, మనం ఇన్నాళ్లు చూడలేదు.

చివరగా ఆ చెల్లె సంగతి. ఊరికి వచ్చాక వెతికితే పక్క మండలంలో డెబ్బై ఏళ్ల కమ్మరి ఒకాయన దొరికాడు. కొలిమి వారానికి రెండు రోజులే వెలిగిస్తాడు. రెండు చాకులు చేయమన్నాను. మూడున్నర వందల చొప్పున అడిగాడు, అడిగినంత ఇచ్చాను. ఒకటి మా మేనల్లుడికి, పెట్టెలో పెట్టడానికి కాదు, జేబులో పెట్టుకోవడానికి. రెండోది తార్నాకకు. వచ్చే నెల వినతిపత్రానికి జవాబు అడగడానికి ఎట్లాగూ పోవాలి. మెట్లెక్కే ముందు ఆమె చాకు ఆమెకు ఇచ్చి, నా చాకు కూడా ఆమె దగ్గరే పెట్టి పోతాను. కౌంటర్ వచ్చేదాకా మనకు ఆ బండే కౌంటర్.